అనంతపురం నుంచి ఫారిన్ ట్రిప్: దేశం పేరు చివర్లో తేల్చండి

సంక్రాంతి దాటిందంటే మన ఇళ్లలో వేసవి సెలవుల ముచ్చట మొదలవుతుంది. "ఎప్పుడు చూసినా ఊటీ, మైసూరేనా? ఈసారి ఫారిన్ పోదాం" అంటారు పిల్లలు. అక్కడి నుంచి దుబాయా, బ్యాంకాకా, బాలీనా అని వాదులాట. ఎవరో ఫోన్‌లో పెట్టిన వీడియో చూసి ఒకరు ఒక పేరు చెబుతారు, పక్కింటివాళ్లు పోయొచ్చారని ఇంకొకరు ఇంకో పేరు చెబుతారు.

ఆ వాదులాట కాసేపు పక్కన పెట్టండి. పాస్‌పోర్టులు ఎట్లున్నాయి, ఏ నెలలో సెలవు దొరుకుతుంది, ఎవరెవరు వస్తున్నారు, ఏ ఎయిర్‌పోర్టులో ఎక్కుతారు అన్న నాలుగూ తేలితే, పోవాల్సిన దేశం చాలావరకు తనంతట తనే తేలిపోతుంది. నేను అనంతపురంలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి లెక్కలన్నీ ఇక్కడివే. కర్నూలు, కడప వాళ్లకు తేడా వచ్చే చోట చెబుతాను.

మొదట బీరువాలోంచి పాస్‌పోర్టులు తీయండి

గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. మలేషియా, సింగపూర్, ఇండోనేషియా, యూఏఈ లాంటి దేశాలు అక్కడ దిగే రోజుకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. నాలుగు నెలల గడువుంటే మనకు అది బతికున్న పాస్‌పోర్టే, కౌంటర్‌లో మాత్రం చెల్లదు. పిల్లలవి మరీ జాగ్రత్తగా చూడాలి. పెద్దలకు 10 ఏళ్లకు ఇస్తారు, పిల్లలకు ఇచ్చేది 5 ఏళ్లకే. తండ్రిది బాగానే ఉంటుంది, మూడో తరగతి పిల్లదానిది అయిపోయి ఉంటుంది.

కొత్తగా తీసుకునేవాళ్లు తిరుపతి దాకా పోవాల్సిన పని ఇప్పుడు చాలావరకు లేదు. మన జిల్లాల్లో పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు కేంద్రాలు నడుస్తున్నాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, డబ్బు కట్టి, అపాయింట్‌మెంట్ రోజు అసలు కాగితాలతో పోవాలి. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు రూ.1,500, తత్కాల్ అయితే ఇంకో రూ.2,000. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, అరవై దాటినవాళ్లకు కొత్త దరఖాస్తు మీద పది శాతం తగ్గింపు ఉంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రమే కావాలి. ఇంకో సంగతి: ఉద్యోగం బెంగళూరులో, ఆధార్ ధర్మవరంలో ఉన్నవాళ్లు మనలో బోలెడుమంది. దరఖాస్తులో ఇప్పుడు ఉంటున్న చిరునామానే రాయాలి. పోలీసు విచారణకు వచ్చినప్పుడు ఆ ఇంట్లో మనిషి లేకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

అసలు తంటా మన పేర్లతో. ఆధార్‌లో "సి. లక్ష్మీదేవి", టెన్త్ సర్టిఫికెట్‌లో "చింతకుంట లక్ష్మీదేవి", పాన్ కార్డులో "లక్ష్మీదేవి చింతకుంట". పాస్‌పోర్టుకు పొడి అక్షరాలు పనికిరావు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. అది కూడా సర్‌నేమ్ గడిలో రాయాలి. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేసి వస్తారు. ఒకే ఒక్క పదం పేరున్న పాస్‌పోర్టుల మీద విజిట్ వీసా ఇవ్వబోమని 2022 నవంబరులో యూఏఈ చెప్పింది. తర్వాత, లోపలి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామంది గానీ, చెక్-ఇన్ కౌంటర్ ముందు నిలబడి ఆ వాదన చేయడం ఎందుకు? ఇంట్లో ఎవరి పాస్‌పోర్టైనా అలా ఉంటే ఇప్పుడే మార్పించండి.

టికెట్ తీసేటప్పుడూ ఇదే మెలిక. "లాస్ట్ నేమ్" అని అడిగిన చోట పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే కొట్టాలి. మనం ఇంటిపేరు ముందు పలుకుతాం కదా అని దాన్ని ఫస్ట్ నేమ్‌లో పెట్టేయకండి. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం చూసి కొట్టండి. లక్ష్మికి చివర ఒక అక్షరమా రెండా అన్నది మీకు జ్ఞాపకం ఉంటుందనుకోవద్దు.

పదో తరగతి పాసు కాని పెద్దవాళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉండొచ్చు. కొన్ని దేశాలకు ఉద్యోగానికి పోయేవాళ్లను కాపాడటానికి, ముందే మన ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని పెట్టిన తనిఖీ అది. గల్ఫ్ దేశాలు, మలేషియా, ఇండోనేషియా, థాయిలాండ్ ఆ జాబితాలో ఉన్నాయి. చూడటానికి పోయి వచ్చేవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు. కాకపోతే తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ చేతిలో ఉంచుకోవాలి. ఇమిగ్రేషన్ అధికారి అడిగితే "మా అబ్బాయి వాళ్లతో చూసొద్దామని పోతున్నా" అని అమ్మ తడబడకుండా చెప్పగలగాలి. యాభై ఏళ్లు దాటినవాళ్లకు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు ఈసీఆర్ అవసరం లేని పాస్‌పోర్టే ఇస్తారు. అమ్మది పాతదైతే రెన్యువల్‌లో అది అడగండి.

పాస్‌పోర్టులు చేతికి రాకముందే చవగ్గా ఉందని టికెట్లు కొనేయడం పెళ్లిచూపులు కాకముందే కల్యాణమండపానికి అడ్వాన్సు ఇచ్చినట్టు. చవక టికెట్లకు డబ్బు తిరిగి రాదు.

సెలవు ఏ నెలలో?

దేశాన్ని తేల్చడంలో సగం పని ఇదే చేస్తుంది. బడికి పోయే పిల్లలుంటే మనకు దొరికేవి మూడు సందులు: ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి, దసరా, సంక్రాంతి.

వేసవిలో దుబాయ్ ప్యాకేజీలు చవగ్గా దొరుకుతాయి. ఎందుకు దొరుకుతాయో అనంతపురం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడి ఎండ తప్పించుకోవాలని డబ్బు పెట్టి అంతకన్నా పెద్ద ఎండలోకి, పైగా సముద్రపు ఉక్కలోకి పోవడం నాకైతే అర్థం కాదు. మే నెలలో ఫుకెట్ వైపు రుతుపవనాలు మొదలవుతాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలు ఆపేస్తారు. సిమిలన్ దీవులను మే మధ్య నుంచి అక్టోబరు మధ్యదాకా ఏటా మూసేస్తారు. శ్రీలంకలో గాలె, బెంటోటా వైపు అప్పుడు వానలు, తూర్పున ట్రింకోమలీ వైపు మాత్రం ఎండగా ఉంటుంది. అదే వేసవిలో బాలీ చక్కగా ఉంటుంది. అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. వియత్నాం నడుమన ఉన్న డా నాంగ్ కూడా అప్పుడు ఎండగానే ఉంటుంది. డబ్బుంటే యూరప్‌కు మే, జూన్ మంచి నెలలు.

దసరాకు లెక్క తిరగబడుతుంది. డా నాంగ్, హోయ్ ఆన్ వైపు అక్టోబరు, నవంబరుల్లో కుండపోత వానలు, వరదలు. థాయిలాండ్‌లో వానలు ఇంకా పూర్తిగా పోవు. బాలీ ఇంకా పరవాలేదు. దుబాయ్ అక్టోబరు చివరికి గానీ చల్లబడదు.

సంక్రాంతికి మనకు అన్నీ కలిసొస్తాయి. థాయిలాండ్, దుబాయ్, దక్షిణ శ్రీలంక, వియత్నాంలో ఫు క్వాక్ దీవి, అన్నీ బాగుండే కాలం అదే. హనోయ్‌లో చలి ఉంటుంది, స్వెటర్లు పెట్టుకోండి. బాలీలో అప్పుడు వానాకాలం. సింగపూర్, కౌలాలంపూర్‌లకు నెలతో పెద్దగా పని లేదు, ఏ నెలలోనైనా ఓ వాన పడి పోతుంది. గొడుగు చాలు.

అక్కడి పండుగలూ చూసుకోవాలి. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వచ్చే టెట్ పండక్కి వియత్నాం అంతా సొంతూళ్లకు పోతుంది. దుకాణాలు మూతపడతాయి, బస్సు టికెట్లు దొరకవు. బాలీలో న్యేపి అనే మౌనదినం ఉంది. వాళ్లదీ శక సంవత్సరమే కాబట్టి చాలా ఏళ్లలో అది మన ఉగాదికి అటో ఇటో పడుతుంది. ఆ రోజు ఎయిర్‌పోర్టుతో సహా దీవి మొత్తం 24 గంటలు మూసేస్తారు, హోటల్ గేటు దాటనివ్వరు. ఉగాది సెలవు కలిసొస్తుందని బాలీ టికెట్ తీసేవాళ్లు ముందు ఆ తేదీ చూడండి.

ఎవరెవరు వస్తున్నారు?

అవ్వ వస్తోందా? ఆమె మోకాళ్లను అడగండి. కౌలాలంపూర్ దగ్గర బతు గుహల్లో బంగారు రంగు మురుగన్ విగ్రహం 42.7 మీటర్లు. కింద నిలబడి తల ఎత్తి చూస్తే ఆమెకు చాలు, సంతోషపడుతుంది. గుహలోకి మాత్రం 272 మెట్లు. శ్రీలంకలో సిగిరియా కొండకు వెయ్యికి పైగా ఉంటాయి. కంబోడియాలోని ఆంగ్‌కోర్ వాట్ గుడిలో పై అంతస్తుకు పోయే మెట్లు నిట్టనిలువు. పెద్దవాళ్లతో పోయేటప్పుడు రోజుకు రెండు చోట్ల కన్నా ఎక్కువ పెట్టుకోకండి. ట్రావెల్స్‌వాళ్లు "ఆరు రోజుల్లో మూడు దేశాలు" అని ఇచ్చే కాగితంలో సగం టైము బస్సులోనే పోతుంది.

విమానంలో ఎంతసేపు కూర్చోవాలో కూడా లెక్కే. బెంగళూరు నుంచి నేరుగా ఎక్కితే కొలంబో గంటన్నర, బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్, దుబాయ్ నాలుగు నుంచి నాలుగున్నర గంటలు, బాలీ ఏడు గంటలకు అటూ ఇటూ. రూ.5,000 మిగులుతుందని అర్ధరాత్రి ఎక్కడో ఎనిమిది గంటలు ఆగే టికెట్ ఇద్దరు కుర్రాళ్లయితే తీసుకోవచ్చు. చంటిపిల్లతో, అవ్వతో వద్దు.

తిండి సంగతి. మాంసం తినేవాళ్లకు ఎక్కడైనా జరిగిపోతుంది. నీచు ముట్టని ఇల్లయితే సింగపూర్‌లో లిటిల్ ఇండియా, కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్, దుబాయ్‌లో కరామా, బర్ దుబాయ్ దగ్గర్లో హోటల్ తీసుకోండి. మెట్లు దిగితే ఇడ్లీ, దోసె దొరుకుతాయి. వియత్నాం, థాయిలాండ్‌లో కూరగాయల వంటలోనూ చేపల సాసు పోస్తారు. అడగకుండా తినేసి తర్వాత బాధపడే శాకాహారులు బోలెడు.

పాస్‌పోర్టే లేదు, ఒకసారి విమానం ఎక్కి సరిహద్దు దాటాలని మాత్రం ఉంది అంటారా? నేపాల్ పోయి రండి. పెద్దలకు ఓటరు కార్డు చాలు, ఆధార్ ఒక్కటే చూపిస్తే కుదరదు. పశుపతినాథ్ దర్శనం అవుతుంది, బయటి దేశంలో తిరగడమంటే ఏమిటో కూడా తెలుస్తుంది.

ఏ ఎయిర్‌పోర్టు, ఏ రాత్రి?

ఈ విషయంలో అనంతపురం వాళ్లం అదృష్టవంతులం. బెంగళూరు ఊళ్లోకి పోకుండానే బెంగళూరు ఎయిర్‌పోర్టు వచ్చేస్తుంది. 44వ నంబరు హైవే మీద పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటితే దేవనహళ్లి. సుమారు 180 కిలోమీటర్లు. అంతర్జాతీయ విమానాలన్నీ 2023 సెప్టెంబరు నుంచి అక్కడ రెండో టెర్మినల్ నుంచే. డ్రైవర్‌కు ఆ మాట ముందే చెప్పండి. కర్నూలు వాళ్లకు అదే హైవే అటువైపు పోతే శంషాబాద్. కడప వాళ్లు చెన్నైకి రైల్లో పోవచ్చు, లేదా రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరుకు కారు మాట్లాడుకోవచ్చు. ఏ విమానాశ్రయం దగ్గరో చూడటంతో పాటు, ఎక్కడి నుంచి నేరు విమానం ఉందో కూడా చూడండి. కడపలో, ఓర్వకల్లులో ఉన్నవి దేశంలోపల తిరగడానికే.

ఇప్పుడు అందరూ బోల్తాపడే చోటు. బెంగళూరు నుంచి బయటి దేశాలకు పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. టికెట్ మీద "15వ తేదీ 00:50" అని ఉందంటే మీరు ఇంట్లోంచి కదలాల్సింది 14వ తేదీ సాయంత్రం. 15వ తేదీ రాత్రి తీరిగ్గా పెట్టెలు సర్దుకుంటూ కూర్చుంటే విమానం పోయి ఒక రోజు అయిపోయి ఉంటుంది. వెనక్కి లెక్క వేయండి: మూడు గంటల ముందు అక్కడ ఉండాలి, అంటే 14న రాత్రి పదిలోపు. దారిలో టోలు, బాగేపల్లిలో టీ, చిక్కబళ్లాపురం దగ్గర లారీల వరస, అన్నీ కలిపి నాలుగు గంటలు పెట్టుకోండి. సాయంత్రం ఐదున్నరకు బండి కదలాలి. హోటల్ బుకింగ్ తేదీ కూడా ఈ లెక్కతోనే సరిచూడండి.

బస్సులో పోదామంటే పోవచ్చు. కానీ హైవే మీద ఎయిర్‌పోర్టు మలుపు దగ్గర దింపితే అక్కడి నుంచి పెట్టెలతో ఇంకో బండి పట్టుకోవాలి. నలుగురుంటే కారు మాట్లాడుకోవడమే మేలు. తిరిగొచ్చే రోజుకూ అదే డ్రైవర్‌ను ఖాయం చేసుకుని, దిగే టైముకు గంటన్నర కలిపి చెప్పండి. ఇమిగ్రేషన్, పెట్టెలు వచ్చేసరికి అంత పడుతుంది.

వీసా

ఇక్కడికి వచ్చేసరికి రెండు మూడు పేర్లే మిగిలి ఉంటాయి. వాటికి వీసా సంగతి చూడండి.

మలేషియా 2023 డిసెంబరు నుంచి మనవాళ్లకు 30 రోజుల దాకా వీసా అడగడం లేదు. థాయిలాండ్ కూడా 2023 నవంబరు నుంచి వీసా లేకుండా రానిచ్చింది గానీ ఆ నియమాలు మారుస్తుంటారు. మాల్దీవుల్లో దిగాక ఉచితంగా ఇస్తారు. ఇండోనేషియాలో దిగాక 5,00,000 రుపియాలు కట్టి తీసుకోవచ్చు, బాలీకైతే పర్యాటక రుసుము ఇంకో 1,50,000 రుపియాలు. సున్నాలు చూసి భయపడకండి, వాళ్ల డబ్బు అంతే. వియత్నాంకు ఆన్‌లైన్ వీసా 25 డాలర్లు. భూటాన్‌కు వీసా లేదు, పర్మిట్ కావాలి, మనిషికి రాత్రికి రూ.1,200 కట్టాలి. సింగపూర్‌కు ఏజెంట్ల ద్వారా, దుబాయ్‌కు విమాన సంస్థ, హోటల్ లేదా ట్రావెల్స్ ద్వారా తీసుకోవాలి. ఈ నియమాలు ఏడాదికోసారి మారుతుంటాయి. టికెట్ కొనే రోజే ఆ దేశపు సర్కారు వెబ్‌సైటులో చూడండి, పోయినేడు పోయొచ్చిన బావమరిది మాట మీద కొనకండి.

ప్రభుత్వ వెబ్‌సైటు అని మూడుసార్లు చూసుకుని మరీ తెరవండి. థాయిలాండ్, మలేషియా, సింగపూర్ మూడింటికీ దిగబోయే మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. మూడూ ఉచితమే. గూగుల్‌లో పైన కనబడే ప్రకటనల్లో అచ్చం అలాగే ఉండే దొంగ సైట్లు మనిషికి నాలుగైదు వేలు లాగేస్తాయి. వియత్నాం వీసాకూ ఇదే బెడద.

యూరప్‌కైతే పని పెద్దది. షెంగెన్ వీసా ఒకటి తీసుకుంటే 29 దేశాలు తిరగొచ్చు. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు కాబట్టి మేలో పోయేవాళ్లు జనవరిలోనే కదలాలి. 30,000 యూరోల వైద్య బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు కావాలి. వీసా కోసం ఒక్కసారిగా అప్పు తెచ్చి ఖాతాలో లక్షలు వేస్తే వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. మామూలుగా నడిచే ఖాతానే చూపించండి. వేలిముద్రలకు బెంగళూరు దగ్గర కదా అని నేరుగా పోకండి. కొన్ని దేశాలు మీ చిరునామా ఏ రాష్ట్రంలో ఉందో చూసి కేంద్రం కేటాయిస్తాయి. అమెరికాకైతే ఆంధ్రా వాళ్లకు హైదరాబాద్ కాన్సులేట్.

కెన్యా సఫారీకి పోయేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకుని ఆ పసుపు కార్డు దాచుకోవాలి. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల దాకా విడిగా ఉంచే అవకాశం ఉంది.

డబ్బు

బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి పోయి అంతర్జాతీయ వాడకం ఆన్ చేయండి. ఆర్బీఐ నియమం ప్రకారం కొత్త కార్డులకు అది ఆఫ్‌లోనే వస్తుంది. ఇది చేయకపోతే ఖాతాలో ఎంతున్నా బ్యాంకాక్ ఏటీఎం ముందు నిలబడి తెల్లమొహం వేయాల్సిందే. మామూలు కార్డు గీస్తే మూడు మూడున్నర శాతం దాకా మార్పిడి చార్జీ పడుతుంది. నలుగురి ఖర్చు మీద అది చిన్న మొత్తం కాదు. ముందే విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు ఒకటి తీసుకుని, తోడుగా కొన్ని డాలర్ నోట్లు పెట్టుకోండి. నోట్లు కొత్తవి, మడత లేనివి అడిగి తీసుకోండి. కాస్త నలిగినా, మీద పెన్ను గీత ఉన్నా అక్కడ మార్చేవాళ్లు వెనక్కి నెడతారు.

థాయ్ ఏటీఎంలో డబ్బు తీసిన ప్రతిసారీ 200 బాత్‌ల పైనే కోస్తారు. అందుకే ఊరికే వెయ్యి, రెండు వేలు తీయకుండా ఒకేసారి తీయండి. ఆ తెర మీద ఇంకో ప్రశ్న వస్తుంది: ఈ మొత్తాన్ని మీ రూపాయల్లో లెక్కకట్టమంటారా, బాత్‌లలోనా అని. రూపాయలని చూడగానే ప్రాణం లేచొచ్చి అదే నొక్కుతాం. నొక్కొద్దు. రూపాయల్లో అంటే ఆ మిషన్‌వాళ్లు వేసిన రేటు, అది ఎప్పుడూ మనకు నష్టమే. దుకాణంలో కార్డు గీసేటప్పుడూ అదే ప్రశ్న, అదే జవాబు: ఆ దేశపు డబ్బులోనే.

యూపీఐ దుబాయ్, సింగపూర్, శ్రీలంక, మారిషస్, నేపాల్, భూటాన్‌లలో కొన్ని చోట్ల నడుస్తుంది. నడిస్తే సంతోషం, దాన్నే నమ్ముకుని మాత్రం పోవద్దు. ప్యాకేజీ తీసుకునేవాళ్ల దగ్గర టీసీఎస్ అని, అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను, కొంత శాతం అదనంగా పట్టుకుంటారు. సరైన పాన్ నంబరు ఇచ్చి రసీదు దాచుకుంటే రిటర్ను వేసినప్పుడు మీ పన్నులో అది కలిసొస్తుంది.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

నిప్పట్లు, చెనిక్కాయల పొడి, పుట్నాల పొడి, ఊరగాయ లేనిదే మనవాళ్లు కదలరు. కదలక్కర్లేదు కూడా. రాత్రి పదకొండుకు హోటల్‌కు చేరి, తినడానికి ఏమీ దొరకనప్పుడు వాటి విలువ తెలుస్తుంది. ఊరగాయ చేతిసంచిలో వద్దు, గట్టిగా చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. చేతిసంచిలో ద్రవాలేవైనా ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. ఎండుకొబ్బరి చిప్పలు విమానంలో ఒప్పుకోరు, నూనె ఎక్కువుండి అంటుకుంటుందని. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెడితే తెరిపించి తీయిస్తారు.

దుబాయ్, సింగపూర్ పోయేవాళ్లు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి: గసగసాలు. మన మాంసం మసాలాలో నూరి కలిపేది అక్కడ నిషేధించిన మత్తు పదార్థం కిందికి వస్తుంది. ఇంట్లో దంచిన మసాలా పొడి డబ్బాలో అది ఉందో లేదో అమ్మను అడిగి మరీ పెట్టండి. దగ్గు మందుల్లో కొడీన్, నొప్పి మాత్రల్లో ట్రమడాల్ కూడా యూఏఈలో ఇబ్బంది పెడతాయి. రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ చీటీతో పాటు, చేతిసంచిలో పెట్టుకోండి. ఈ-సిగరెట్లు సింగపూర్‌లోనూ థాయిలాండ్‌లోనూ నేరం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకైతే తినే వస్తువు ప్రతిదీ ఫారంలో రాయాలి, దాస్తే జరిమానా.

చవక విమాన టికెట్లలో పెద్ద పెట్టె బరువు కలిసి ఉండదు. ముందే ఆన్‌లైన్‌లో కొంటే ఒక ధర, కౌంటర్‌లో కడితే దాదాపు ఇంకో టికెట్ ధర. తూకం ఇంట్లోనే వేసుకుని బయల్దేరండి.

ఇక బంగారం. మన ఆడవాళ్లు పెళ్లికి పోయినట్టే విమానానికీ పోతారు. ఒంటిమీద ఎక్కువ నగలుంటే పోయేటప్పుడే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. లేకపోతే తిరిగొచ్చినప్పుడు అవి ఇక్కడివేనని రుజువు చేసుకోవడం మీ బాధ్యత అవుతుంది. అంతకన్నా తేలిక, నగలు ఇంట్లో పెట్టి పోవడం. కువైట్ నుంచి వచ్చే బంధువులు మగవాళ్లకు 20 గ్రాములు, ఆడవాళ్లకు 40 గ్రాములు పన్ను లేకుండా తెచ్చుకోవచ్చని చెబుతుంటారు. అది ఏడాదికి పైగా అక్కడ ఉండి వచ్చినవాళ్లకు. వారం తిరిగొచ్చే మనకు వర్తించదు.

అక్కడ దిగాక

తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, బీమా కాగితం ప్రింటు తీసి ఒక ఫైల్లో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయే టైము ఇమిగ్రేషన్ లైనే. "ఎన్ని రోజులు? ఎక్కడ దిగుతున్నారు?" అంతే అడుగుతారు. తెలిసిన ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు చెప్పి హోటల్ కాగితం చూపిస్తే చాలు. కుటుంబమంతా ఒకే కౌంటర్‌కు పోండి. సిమ్ అక్కడి ఎయిర్‌పోర్టులోనే తీసుకోవచ్చు. కానీ మన నంబరుకు రోమింగ్ పెట్టించే పోవాలి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి.

కడప, రాయచోటి వైపు వాళ్లకు ఇంకో మాట. గల్ఫ్‌కు పోయే అలవాటున్న ప్రాంతం కాబట్టి "ముందు విజిట్ వీసా మీద పో, పని అక్కడ చూపిస్తాం" అనే మనుషులు ఇక్కడ ఎప్పుడూ తిరుగుతుంటారు. ఈమధ్య అది కంప్యూటర్ ఉద్యోగం, బ్యాంకాక్, టికెట్ ఫ్రీ అనే రూపంలో వస్తోంది. అలా పోయిన ఆంధ్రా కుర్రాళ్లను మయన్మార్, కంబోడియాల్లో నిర్బంధించి సైబర్ మోసాలు చేయించారు. చూడటానికి ఇచ్చిన వీసా మీద పని చేయకూడదు, చేయిస్తామన్నవాడిని నమ్మకూడదు.

పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ ఫొటోలు ఇంట్లో ఉండే ఒకరికి వాట్సాప్‌లో పంపి పెట్టండి. రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు వేరే సంచిలో ఉంచండి. పాస్‌పోర్టు పోతే ముందు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చి దాని కాపీ తీసుకోవాలి. ఆ కాపీ, ఫొటోలు, పాత పాస్‌పోర్టు నకలు పట్టుకుని మన రాయబార కార్యాలయానికి పోతే, ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఒక్క ప్రయాణానికే, ఇండియాకే పనికొస్తుంది. శని, ఆదివారాలు ఆఫీసు ఉండదు. కానీ ప్రతి రాయబార కార్యాలయానికీ అత్యవసర నంబరు ఒకటి ఉంటుంది. బయల్దేరే ముందే అది నలుగురి ఫోన్లలోనూ వేసి పెట్టండి.